లూవ్ర్ చూడ్డానికి చలికాలమే కావాలంటే మొండితనమా?

ఈసారి తీసుకున్న ఉత్తరం ఒక రిటైరైన డ్రాయింగ్ టీచరుది. పేరు రాయొద్దన్నారు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు జర్మనీలో ఉంటారు. వచ్చే మే నెలలో అందరం కలిసి యూరప్ తిరుగుదామని కొడుకు ఏర్పాట్లు మొదలుపెట్టాడు. కోడలి అమ్మానాన్నలు కూడా అప్పుడే వస్తున్నారు. మొత్తం ఎనిమిది మంది, పది రోజులు, బస్సు టూరు. అందులో ప్యారిస్‌కి ఒకటిన్నర రోజు, లూవ్ర్ మ్యూజియానికి రెండు గంటలు.

ఆ రెండు గంటల దగ్గరే ఈవిడకి నిద్ర పట్టడం లేదు. "నేను పిల్లలకి చూపించిన బొమ్మలన్నీ పుస్తకంలో పోస్టుకార్డంత ఉండేవి. మోనాలిసా అంతే, నెపోలియన్ పట్టాభిషేకం అంతే, మెడూసా తెప్ప అంతే. ఏది ఎంత పెద్దదో నాకే తెలియకుండా సర్వీసంతా పాఠం చెప్పాను. ఒక్కసారి ఎదురుగా నిలబడి చూడాలి, వీలైతే కూర్చుని గీసుకోవాలి" అని రాశారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మ్యూజియం ఖాళీగా ఉంటుందని ఎవరో చెప్పారట. ఇంట్లో ఆ మాట అంటే కొడుకు "చలికాలంలో ఏం చూస్తావమ్మా, నాకు లీవు దొరకదు, పిల్లలకి స్కూలు" అన్నాడు. మోకాళ్ల నొప్పులున్న భర్త "ఆ చలిలో బొమ్మల కోసం నన్ను చంపుతావా, ఫోన్లో ఇంకా బాగా కనిపిస్తాయి" అన్నారు. ఈవిడ "సరే, మీ ఇష్టం" అని ఊరుకున్నారు. నెలాఖరులోగా పాస్‌పోర్టు కాపీలు పంపమని కొడుకు అడుగుతున్నాడు.

ఆవిడ ప్రశ్నలు ఇవి. చలికాలంలో లూవ్ర్ నిజంగా ఖాళీగా ఉంటుందా? మోనాలిసా ముందు పది నిమిషాలు కూర్చుని స్కెచ్ వేసుకోగలనా? మే నెలలో వెళ్తే ఇక ఆశ వదులుకోవాల్సిందేనా? ఈ వయసులో ఇంత పట్టుబట్టడం మొండితనమా?

జవాబు:

టీచరుగారూ,

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఏ నెలలో వెళ్తే జనం పలచగా ఉంటారన్నది ఒకటి. ఎనిమిది మంది వెళ్లే ప్రయాణంలో మీకంటూ కొంత సమయం అడగొచ్చా అన్నది రెండోది. రెండోది అడగలేక మొదటిదాన్ని పట్టుకున్నారేమోనని నా అనుమానం. "జనవరిలో వెళ్దాం" అనడం తేలిక, "నన్ను రెండు రోజులు వదిలేయండి" అనడమే కష్టం. అయినా ముందు మ్యూజియం సంగతే చూద్దాం, ఎందుకంటే మీకెవరో సగం నిజమే చెప్పారు.

2024లో లూవ్ర్‌కి దాదాపు 87 లక్షల మంది వచ్చారు. 2018లో అయితే కోటి దాటారు. ఆ తాకిడికి తట్టుకోలేకే రోజుకి 30,000 మందికి మించి రానివ్వకూడదని మ్యూజియం వాళ్లే హద్దు పెట్టుకున్నారు. 2025 జూన్ 16న సిబ్బంది, ఇంత జనంతో మా వల్ల కాదని పని ఆపేస్తే, టికెట్లు చేతిలో పట్టుకున్నవాళ్లు గంటల తరబడి బయట ఎండలో నిలబడ్డారు. ఇలాంటి చోట చలికాలం తేడా తెస్తుంది, అందులో సందేహం లేదు. మీకు కావలసిన వేళకి టికెట్ దొరుకుతుంది, భద్రతా తనిఖీ దగ్గర వరుస చిన్నగా ఉంటుంది, మెట్ల మీద ఒకరినొకరు తోసుకోవడం తగ్గుతుంది. హోటల్ గదులు కూడా వేసవి కంటే చవక.

కానీ మోనాలిసా గది మాత్రం ఏ నెలలోనూ ఖాళీగా ఉండదు. ఇది ముందే తెలుసుకుని వెళ్లకపోతే అక్కడ మనసు చివుక్కుమంటుంది. ఆ బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అంటే మీ స్కూల్లో గోడకి తగిలించే ఒక మామూలు చార్టు కంటే చిన్నది. దళసరి అద్దం వెనక, పెద్ద హాలు మధ్యలో కట్టిన గోడకి ఉంటుంది. ముందు కంచె, కంచె వెనక వరుస, వరుసలో ప్రతి చేతిలోనూ పైకెత్తిన ఫోను. ముందుకి చేరాక కాస్త నిలబడనిస్తారు, వెంటనే కదలమంటారు. జనవరిలో వెళ్లినా అక్కడ పది నిమిషాలు కూర్చుని గీయడం జరిగే పని కాదు. ఈ బొమ్మకి విడిగా ఒక గది కడతామని 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ప్రకటించారు, 2031 నాటికి అన్నారు. అంతవరకు ఆగమని మీకు చెప్పలేను కదా.

అదే హాల్లో మోనాలిసాకి సరిగ్గా ఎదురు గోడ మీద వెరోనీస్ వేసిన "కానాలో పెళ్లి విందు" ఉంది. 1563 నాటిది. 6.77 మీటర్ల ఎత్తు, 9.94 మీటర్ల వెడల్పు. లూవ్ర్‌లో అంతకంటే పెద్ద వర్ణచిత్రం లేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దానికి వీపు పెట్టి మోనాలిసాని ఫోటో తీసుకుంటూ ఉంటారు. మీరు ఇటు తిరిగి నిలబడితే చాలు. విందు బల్లలు, వాయిద్యాలు పట్టుకున్నవాళ్లు, పై అంతస్తులో మాంసం కోస్తున్న వంటవాళ్లు, పక్కన కుక్కలు, ఎన్ని ముఖాలో! పోస్టుకార్డు సైజులో ఇందులో సగం మనుషులు చుక్కలుగా కూడా కనిపించి ఉండరు. మీకున్న కోరిక "ఏది ఎంత పెద్దదో చూడాలి" అన్నదే అయితే, నా దృష్టిలో ఆ గదికి వెళ్లడానికి అసలు కారణం ఈ గోడే.

గీసుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చిన్న స్కెచ్ పుస్తకం, పెన్సిల్ ఉంటే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. సిరా పెన్నులు, రంగులు మాత్రం బయటికి తీయకండి. ఈజిల్ నిలబెట్టి నూనె రంగులతో నకలు వేసేవాళ్లకి విడిగా అనుమతి పత్రం ఉంటుంది. వాళ్లు వేసే నకలు అసలు బొమ్మ సైజులో ఉండకూడదన్నది అక్కడి నియమం. సెప్టెంబరు నుంచి జూన్ దాకా ఈ నకలు చిత్రకారులు గదుల్లో కనిపిస్తూ ఉంటారు. ఒకాయన కాన్వాసు మీద కింది పొర ఎలా వేస్తున్నాడో వెనక నిలబడి చూస్తే, మీలాంటి టీచరుకి అదో గంట పాఠం. జులై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లకి ఈ భాగ్యం లేదు.

జనం ఎక్కడికి పోతారో తెలిస్తే ఎక్కడికి పోరో కూడా తెలుస్తుంది. వచ్చినవాళ్లలో చాలామంది దారి ఒకటే. రెక్కల విజయదేవత విగ్రహం, మోనాలిసా, వీనస్ డి మిలో శిల్పం, తర్వాత బయటికి. ఇవన్నీ దెనాన్, సల్లీ అనే రెండు విభాగాల్లో ఉన్నాయి. మూడోదైన రిషెల్యూ విభాగం పై అంతస్తుకి చేరేసరికి అడుగుల చప్పుడు వినిపించేంత పలచబడుతుంది. అక్కడే రెంబ్రాంట్ 1654లో వేసిన, బైబిల్లోని బత్షెబా అనే స్త్రీ బొమ్మ ఉంది. వెర్మీర్ లేసు అల్లే అమ్మాయి కూడా ఆ విభాగానిదే, 24 సెంటీమీటర్ల ఎత్తు, 21 సెంటీమీటర్ల వెడల్పు. పుస్తకంలో మీరు చూసిన సైజుకీ అసలుకీ పెద్ద తేడా లేని బొమ్మ బహుశా ఇదొక్కటే! ఫ్రాన్స్ రాణి మరీ ద మెడిచి కోసం రూబెన్స్ వేసిన 24 చిత్రాల హాలు కూడా అక్కడే. వాటిలో చాలావి దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు. ఆ హాల్లో కూర్చుని గీసుకోవడానికి చలికాలం దాకా ఆగక్కర్లేదు. మే నెలలో కూడా వీలవుతుంది.

అందుకే నెల కంటే గది ముఖ్యం, వేళ ముఖ్యం. మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. మిగిలిన రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు, బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 వరకు. ప్యారిస్‌లోనే ఉన్న ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు వాళ్ల జనం కూడా ఇటే వస్తారు. గురువారం పొద్దున తొమ్మిది, లేదా బుధవారం సాయంత్రం ఐదు తర్వాత అయితే మేలు. టూరు బస్సులు సాయంత్రానికి వెళ్లిపోతాయి. మూసే వేళకి అరగంట ముందు నుంచే గదులు ఖాళీ చేయిస్తారు, ఆ లెక్క కూడా వేసుకోండి. నెలలో మొదటి శుక్రవారం సాయంత్రం ఆరు తర్వాత, జులై, ఆగస్టులు తప్పించి, ప్రవేశం ఉచితం. ఉచితం కాబట్టే ఆ సాయంత్రం మీకు పనికిరాదు.

చలికాలం అంతా ఒకే రకం కాదన్నది కూడా మీకు చెప్పినవాళ్లు చెప్పలేదు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వేసవికి తీసిపోని రద్దీ. ఫిబ్రవరి మొదలు మార్చి తొలివారం వరకు ఫ్రాన్స్ స్కూళ్లకి ప్రాంతాలవారీగా వంతులేసి రెండేసి వారాలు సెలవులిస్తారు, అప్పుడు పిల్లలతో కుటుంబాలు దిగుతాయి. నిజంగా పలచగా ఉండేది జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా, మళ్లీ నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా. నవంబరు మీరు అసలు ఆలోచించలేదు. జనవరి కంటే చలి కొంచెం నయం.

వెలుతురు సంగతి డ్రాయింగ్ టీచరుకి నేను చెప్పక్కర్లేదు గానీ, ప్యారిస్‌లో జనవరి మధ్యలో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక ఉదయిస్తాడు, అయిదుంపావుకి అస్తమిస్తాడు. మబ్బు రోజులే ఎక్కువ. రిషెల్యూ విభాగంలో గాజు కప్పు కింద పాలరాతి గుర్రాలున్న మార్లీ ప్రాంగణం పగలు ఒకలా ఉంటుంది, చీకటి పడ్డాక దీపాల కింద మరోలా ఉంటుంది. రాతి మీద నీడ గీయాలంటే చలికాలంలో మీకు దొరికేది పది నుంచి మూడు దాకానే. మేలో సాయంత్రం ఎనిమిదింటికి కూడా ఆ గాజులోంచి వెలుతురు దిగుతూనే ఉంటుంది. బుధవారం సాయంత్రం టికెట్ తీసుకుంటే మే నెల మీకు ఒక పని చేసిపెడుతుంది, జనవరి అది చేయలేదు.

ఇంకో చిక్కు. జనం తక్కువున్న కాలంలోనే మరమ్మతులు పెట్టుకుంటారు, గదులు మూస్తారు, బొమ్మల్ని వేరే దేశాల ప్రదర్శనలకి పంపుతారు. 2025 అక్టోబరు 19న నగల దొంగతనం జరిగింది, ఆ నవంబరులో కట్టడం బలహీనంగా ఉందని ఒక గ్యాలరీ మూశారు, డిసెంబరులో సమ్మె వల్ల తలుపులే తెరవని రోజు వచ్చింది. అందుకని ఏ నెలలో వెళ్లినా ఒక్క రోజు మీద ఆశంతా పెట్టుకోకండి. రెండు రోజులు కావాలంటే మూడో రోజు చేతిలో ఉంచుకోండి. ఏ వారంలో ఏ గదులు తెరిచి ఉంటాయో మ్యూజియం వెబ్‌సైట్‌లో పెడతారు, టికెట్ కొనేముందు చూసుకోండి.

ఇక ఇంటి సంగతికి వద్దాం.

మీ అబ్బాయి మీకు అడ్డం పడుతున్నాడని నాకు అనిపించలేదు. అతనికి తెలిసింది "అమ్మ జనవరి అంటోంది" అన్న ఒక్క ముక్కే. పోస్టుకార్డు బొమ్మల సంగతి నాకు రాశారు గానీ అతనికి చెప్పారా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది అమ్మే, అదే చిక్కు. ఎనిమిది మందిని ఒక బస్సులో ఎక్కించి అందరినీ సంతోషపెట్టాలని చూస్తున్న కుర్రాడు, లూవ్ర్‌కి రెండు గంటలు పెట్టడం దగ్గర తన తల్లి గుండె ఆగుతోందని ఊహించలేడు. బొమ్మల మీద ఆసక్తి లేనివాళ్లకి అక్కడ రెండు గంటలంటే చాలా ఎక్కువ కూడా. ఆ ఏడుగురి తరఫున అతను సరిగ్గానే లెక్కేశాడు.

మీవారి మాట కూడా నేను వేరేగా విన్నాను. ఆయనకి అభ్యంతరం బొమ్మలతో కాదు, నడకతో, చలితో. అది న్యాయమైన భయమే. అక్కడ నేలంతా రాయి, చెక్క. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి వెళ్లడమే కాళ్లకి పరీక్ష. ప్యారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టులు కూడా ఉండవు. మ్యూజియంలో చక్రాల కుర్చీ ఉచితంగా అరువిస్తారు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. కాకపోతే ఆ మాట ఎత్తగానే మొహం చిట్లించే మగవాళ్లని చాలామందిని చూశాను. ఆయన్ని అసలు లోపలికి తీసుకెళ్లాలని ఎందుకు అనుకుంటున్నారు? మీరు లోపల ఉన్నంతసేపూ ఆయన కొడుకుతో సేన్ నది మీద పడవలో కూర్చోవచ్చు. ఇద్దరూ ఒకే బొమ్మ ముందు నిలబడాలని రూలేమీ లేదు. "వెళ్దామా, వెళ్దామా" అని పక్కన ఒకరుంటే మీరు గీసే గీత కూడా సరిగ్గా రాదు.

మీ ముందున్న దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, మే టూరుని అలాగే ఉంచి, దానికి ముందో వెనకో ప్యారిస్‌లో విడిగా మూడు రోజులు కలపడం. టూరు అయిపోయాక మీరు, అబ్బాయి మాత్రం మళ్లీ రైలెక్కి వెళ్లొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ప్యారిస్‌కి నేరు రైలు నాలుగు గంటలే. వియ్యాలవారి దగ్గర మాట పడదు, మనవలతో తిరిగినట్టూ ఉంటుంది. నష్టం ఏమిటంటే మే నెల ఫ్రాన్స్‌లో సెలవుల నెల. ఒకటో తారీకున మ్యూజియమే మూసేస్తారు, ఎనిమిదిన సెలవు, ఈస్టర్ తర్వాత వచ్చే అసెన్షన్ పండుగ గురువారం చాలాసార్లు ఈ నెలలోనే పడుతుంది, ఆ పక్క శుక్రవారం కూడా జనం సెలవు పెట్టేస్తారు. ఆ తేదీలు తప్పించుకుని బుధవారం సాయంత్రం, గురువారం పొద్దున టికెట్లు తీసుకుంటే మీకు కావలసింది చాలావరకు దొరుకుతుంది. మోనాలిసా ముందు మాత్రం ఊపిరాడదు. ఇందులో ఇంకో లొసుగుంది. పది రోజుల బస్సు తర్వాత మీకే ఓపిక ఉంటుందా? ఉండదనిపిస్తే టూరుకి ముందే పెట్టించండి.

రెండోది, మీరు కోరిన జనవరి. మీరిద్దరే వెళ్లడం. మ్యూజియం మీకు బాగా అందుతుంది, కానీ మిగతాదంతా మీరే మోయాలి. పగలు ఏడెనిమిది డిగ్రీలు, సన్న జల్లు. పిల్లలు స్కూల్లో, కొడుకు, కోడలు ఆఫీసుల్లో, మీవారు ఇంట్లో హీటరు పక్కన. పది రోజులకే ఆయన "చెప్పానా" అనడం మొదలుపెడతారు. మేలో అందరూ కలిసి తీసుకునే ఫోటోల్లో మీరిద్దరూ ఉండరు. వియ్యపురాలు వచ్చి మీరు రాకపోతే, కారణం చెప్పినా చెప్పకపోయినా మాటలు పుడతాయి, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఏడాదిలో రెండుసార్లు టికెట్లు కొనే స్తోమత ఉంటే వేరే సంగతి. ఈ దారి ఎంచుకుంటే ఒక చిన్న మాట. ప్రధాన ద్వారమైన గాజు పిరమిడ్ ముందు ఆరుబయట గాలికి నిలబడకుండా, భూగర్భంలో ఉన్న కరూసెల్ దారిలో లోపలికి వెళ్లండి. కోటు లాకరులో పెట్టేయండి. లోపల వెచ్చగా ఉంటుంది, ఆ బరువు చేతి మీద వేసుకుని మధ్యాహ్నం దాకా తిరగలేరు.

మూడోది మీరూ, మీ అబ్బాయీ ఎవరూ అనుకోనిది. మార్చి మొదట్లో, స్కూళ్ల సెలవులు అయిపోగానే వెళ్లి, మే టూరు దాకా జర్మనీలో ఉండిపోవడం. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండొచ్చు. అయితే ఎన్ని రోజులకి వీసా ఇస్తారన్నది వాళ్ల ఇష్టం. అడిగినన్ని రాకపోవచ్చు. మార్చి మధ్య జనవరంత పలచగా ఉండదు గానీ, ఈస్టర్ రద్దీ ఇంకా మొదలవదు. పగలు పన్నెండు గంటలకి చేరుతుంది, చలి వెనక్కి తగ్గుతుంది. మ్యూజియం పరంగా నాకు నచ్చిన కాలం ఇదే. ఇంటి పరంగా చూస్తే, కొడుకింట్లో రెండున్నర నెలలంటే ఆ ఇల్లు నడిపే కోడలి మాట ముందు వినాలి. మీ అబ్బాయిని అడగడం, అతను ఆమెకి చెప్పడం కాకుండా, మీరే ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. "నీకు ఇబ్బందా" అని అడిగితే ఎవరూ ఔననరు. "ఎన్నాళ్లయితే నీకు వీలు" అని అడగండి. ఇన్సూరెన్సు కూడా ఉన్నన్ని రోజులకీ తీసుకోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి సరిపోయేది ఉంటేనే వీసా.

నువ్వెటు మొగ్గుతావని నన్ను అడిగితే మొదటిదానికే. కాకపోతే, మూడు రోజులు విడిగా అన్నది రాతపూర్వకంగా ప్లానులోకి ఎక్కితేనే. "అప్పుడు చూద్దాంలే అమ్మా" అన్న హామీతో మాత్రం ఒప్పుకోకండి. అక్కడికి వెళ్లాక ఆ మూడు రోజులూ బట్టల షాపింగులో కలిసిపోతాయి. కోడలితో మాట్లాడాక ఆ ఇంట్లో మీకు చోటుందని తోస్తే మూడోది ఇంకా బాగుంటుంది. అది మీరే తేల్చుకోవాలి.

డబ్బు లెక్క కూడా దాచకుండా చెప్పండి. 2026 జనవరి 14 నుంచి ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటి నుంచి వచ్చేవాళ్లకి లూవ్ర్ టికెట్ 32 యూరోలు. మీకు రెండు రోజులంటే 64. పద్దెనిమిది లోపు పిల్లలకి ఉచితం. ఒకసారి బయటికొస్తే అదే టికెట్ మీద మళ్లీ రానివ్వరు. కాబట్టి మధ్యాహ్నం హోటలుకి వెళ్లి నడుం వాల్చి వద్దామనుకుంటే కుదరదు. లోపలే ఫలహారశాలలున్నాయి. వీసా రుసుము మనిషికి 90 యూరోలు. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో కాబట్టి దరఖాస్తు జర్మనీకే పెట్టాలి. ఆర్నెల్ల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మే ప్రయాణానికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, మీ అబ్బాయి తొందర అందుకే. దాన్ని తప్పుపట్టకండి.

మొండితనమా అని అడిగారు. అందరి ప్రయాణం నెల మార్చమనడంలో కొంచెం ఉంది. రెండు రోజులు అడగడంలో ఏమీ లేదు. పాస్‌పోర్టు కాపీలు పంపేముందే, వాటితో పాటే ఇలాంటి మాట చెప్పండి: "నాన్నా, మే నెలకి వస్తాను, టూరుకీ వస్తాను. నాకు లూవ్ర్‌లో రెండు రోజులు ఒంటరిగా తిరగాలని ఉంది. ఎవరూ తోడు రానక్కర్లేదు, పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్తే చాలు. టికెట్ డబ్బులు నా పెన్షన్‌లోంచి నేనే పెట్టుకుంటాను." జనవరి మాట ఎత్తకండి. పుస్తకంలోని పట్టాభిషేకం బొమ్మ పేజీ ఫోటో తీసి పంపండి, పక్కన అసలు కొలత రాసి. దవీద్ వేసిన నెపోలియన్ పట్టాభిషేకం 6.21 మీటర్ల ఎత్తు, 9.79 మీటర్ల వెడల్పు అని చూశాక అతనే అడుగుతాడు, నిజమా అమ్మా అని.

ఇంత చెప్పినా కుదరలేదనుకోండి, లీవు లేదు, వీసా రోజులు తక్కువ, ఆ రెండు గంటలే మిగిలాయి. అప్పుడేం చేయాలో కూడా రాస్తాను. గైడు మిమ్మల్ని మోనాలిసా వరుసలో నిలబెడతాడు, ఆ వరుసలోనే సమయం చాలా పోతుంది. మీరు ఆ వరుసలోకి వెళ్లకండి. ఆ గదికి ఆనుకునే ఎర్రగోడల పెద్ద హాళ్లున్నాయి. ఒకదాంట్లో పట్టాభిషేకం, ఇంకోదాంట్లో జెరికో 1819లో ప్రదర్శనకి పెట్టిన మెడూసా తెప్ప, 4.91 మీటర్లు, 7.16 మీటర్లు. మీరు పేరు పెట్టి రాసిన మూడింట్లో రెండు అవే. అక్కడే ఉండండి. మళ్లీ కలుసుకునేది పిరమిడ్ కింది హాల్లో, ఫలానా వేళకి అని బస్సులోనే మీ అబ్బాయితో ఖాయం చేసుకోండి, అతని ఫోన్ నంబరు కాగితం మీద రాసి స్కెచ్ పుస్తకంలో పెట్టుకోండి. లోపల ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.